పాత తోటలో జియోక్యాష్ పెట్టాలనుకుంటున్నాను, ఎక్కడ పెడితే మంచిది?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. జియోక్యాచింగ్‌లో, అంటే జీపీఎస్ స్థానాన్ని బట్టి దాచిన డబ్బాను (జియోక్యాష్‌ను) వెతికే ఆటలో, రెండేళ్లుగా ఇతరులు దాచినవి వెతుకుతున్నాను. సొంతంగా ఒకటి పెట్టడం ఇదే మొదటిసారి. రోజూ నడకకు వెళ్లే ఉద్యానవనం వందేళ్లు దాటినది. అందులో రాతి ఫౌంటెన్, శంకుస్థాపన ఫలకం, దాతల పేర్లు చెక్కిన బెంచీలు ఉన్నాయి. జనం వాటి పక్కనుంచే వెళ్తారు, ఆగి చదివేవాళ్లు కనిపించరు. వచ్చినవాళ్లకు ఆ తోట కథ తెలియాలని నా కోరిక. ఫౌంటెన్ రాళ్ల సందులో చిన్న డబ్బా సరిగ్గా పడుతుంది. అక్కడ పెట్టమంటారా? లేకపోతే పూలపాదులో కొంచెం తవ్వి పెట్టనా?

జవాబు:
రెండూ వద్దండీ. తవ్వకూడదన్నది జియోక్యాచింగ్ మూలనియమాల్లో ఒకటి. నిజానికి మొట్టమొదటి డబ్బాను సగం పాతిపెట్టారు. 2000 మే 2న అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాల్లో కావాలని పెడుతున్న తప్పును ఎత్తేసింది. మర్నాడే ఒరెగాన్‌లో డేవ్ ఉల్మర్ ఒక నల్ల బకెట్‌ను అడవిలో సగం భూమిలో దించి పెట్టాడు. అప్పటికి నియమాలంటూ ఏవీ లేవు. ఇప్పుడు అలా పెడితే రివ్యూయర్, అంటే కొత్త డబ్బాలను పరిశీలించి ఆమోదించేవారు, ఒప్పుకోరు.

రాళ్ల సందు ఇంకా ప్రమాదం. డబ్బా ఏ రాయి వెనక ఉందో మీకు తెలుసు, వెతికేవాళ్లకు తెలియదు. వాళ్లు ప్రతి రాయినీ కదిపి చూస్తారు. నేను ఒకసారి ఒక పాత గోడ దగ్గర వెతకడానికి వెళ్లేసరికి నాలుగైదు రాళ్లు ఊడి కింద పడి ఉన్నాయి. చెడగొట్టాలని ఎవరూ అనుకొని ఉండరు, అయినా గోడ పాడైంది. ఆ రోజు వెతకకుండానే తిరిగొచ్చేశాను. ఇప్పటికీ ఆ గోడ తలుచుకుంటే బాధే.

మీ కోరికకు సరిపోయేది మల్టీ రకం, అంటే ఒక చోట దొరికిన ఆధారంతో తర్వాతి చోటికి వెళ్లేది. చరిత్ర ఉన్న చోట ఆధారం ఉంచండి, డబ్బాను మాత్రం తోట అంచున గట్టి చోట పెట్టండి. ఉదాహరణకు ఫలకం మీద 1894 అని ఉందనుకోండి. అందులోంచి 1500 తీసేస్తే 394. డబ్బా ఉన్న చోటి అక్షాంశంలో నిమిషాల దశాంశ స్థానాలు అవే అయ్యేలా సూత్రం రాయండి. రేఖాంశానికి ఫౌంటెన్ పలకల సంఖ్యో, బెంచీ మీది అక్షరాల లెక్కో వాడుకోవచ్చు. ఆ అంకె కావాలంటే ఫలకం ముందు నిలబడి చదవక తప్పదు. మీకు కావలసింది కూడా అదే కదా.

చెక్కిన అక్షరాలనే నమ్ముకోండి. రంగుల బోర్డులను ఎప్పుడైనా మార్చేస్తారు, మీ సూత్రం పనికిరాకుండా పోతుంది. ఒకే రాయి మీద శంకుస్థాపన ఏడు, ప్రారంభించిన ఏడు రెండూ ఉంటే ఏది తీసుకోవాలో స్పష్టంగా రాయండి. జవాబు అంకెల మొత్తం కూడా ఇవ్వండి. 394 అయితే 16. తప్పు లెక్కతో ఎవరూ పూలమొక్కల్లోకి దిగరు.

ప్రశ్న అడిగినవారు:
చాలా బాగుంది అన్నా! తోటలో ఇంకో మూల ఎవరో పెట్టిన డబ్బా ఇప్పటికే ఉంది. రెండు డబ్బాల మధ్య ఉండాల్సిన దూరం నియమం ఈ ఆధారాలున్న చోట్లన్నిటికీ వర్తిస్తుందా?

జవాబు:
వర్తించదు. 161 మీటర్ల దూరం డబ్బా లాంటి వస్తువు పెట్టిన చోట్లకే. చదివి లెక్కపెట్టే ఆధారాలకు ఆ బాధ లేదు, పక్కపక్కనే ఉన్నా ఫర్వాలేదు. కాకపోతే వేరేవాళ్ల పజిల్ డబ్బా (పజిల్ విప్పితేనే స్థానం తెలిసేది) అక్కడే ఉండొచ్చు, దాని అసలు స్థానం బయటికి కనిపించదు. అందుకని మీ డబ్బా ఉండే చివరి స్థానాన్ని ముందే రివ్యూయర్‌కు పంపి, ఖాళీగా ఉందో లేదో అడగండి.

దానికంటే ముందు తోట నిర్వాహకుల అనుమతి. నోటిమాట సరిపోదు, ఎవరు ఒప్పుకున్నారో రాసి పెట్టుకోండి. తోటమాలికి డబ్బా చూపించండి. ఆయనకు తెలియకపోతే చెత్త అనుకొని పారేస్తారు, లేదా అనుమానాస్పద వస్తువని కంగారు పడతారు. లోపల ఏముందో కనిపించే పారదర్శక డబ్బా, మీద జియోక్యాష్ అన్న చీటీ ఉంటే మేలు.

ఇంకొకరు:
ఒక మాట కలుపుతాను. పెద్ద చెట్ల కింద జీపీఎస్ సంకేతం ఆకులకూ కొమ్మలకూ తగిలి స్థానం పక్కకు జరుగుతుంది. అక్షాంశంలో నిమిషం వెయ్యో వంతు తేడా అంటే నేల మీద సుమారు 1.85 మీటర్లు. అలాంటి వంతులు పది తప్పితే వెతికేవాళ్లు వేరే పాదులో ఉంటారు. వేర్వేరు రోజుల్లో వెళ్లి నాలుగైదు కొలతలు తీసుకొని సగటు వేయండి. సూచన కూడా దాపరికం లేకుండా రాయండి. అడవిలో సస్పెన్స్ బాగుంటుంది కానీ, తోటలో మొక్కలు నలుగుతాయి.

జవాబు:
అవును, అది నేను మరిచాను. బాట మీద నిలబడే చేయి చాపి అందుకునేలా పెట్టండి. చక్రాల కుర్చీలో కూర్చుని అందుకోగలిగితే నేల కష్టం (దారి ఎంత కష్టమో చెప్పే అంకె) 1 అని ఇవ్వొచ్చు. దారిలో ఒక్క మెట్టున్నా ఆ అంకె ఇవ్వకండి, నమ్మి వచ్చినవాళ్లు చివరి గజం దగ్గర ఆగిపోతారు. గేటు మూసే వేళ తప్పకుండా రాయండి. డబ్బా దొరికినవాళ్లు పేరు రాసే లాగ్‌బుక్‌తో పాటు పెన్సిల్ పెట్టండి, కాగితం చెమ్మగిల్లినా రాస్తుంది. తినేవి మాత్రం వద్దు, చీమలు డబ్బా మొత్తం పట్టేస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
రేపు పొద్దున్నే ఫలకం ఫోటో తీసుకొని తోట ఆఫీసుకు వెళ్తాను. అనుమతి వచ్చాక సూత్రం ఇక్కడ పెడతాను, ఎవరైనా ఒకసారి లెక్క వేసి చూడండి. చివరి స్థానం మాత్రం పెట్టను!