నంబూరు దగ్గర లేఅవుట్‌లో ఫైబర్ రాదంటున్నారు – సిమ్ మీద, టవర్ మీద నడిచే ఇంటి నెట్ వాడేవాళ్ళు చెప్పండి

నంబూరు_కొత్తిల్లు

అందరికీ నమస్కారం. నంబూరు, కాజా మధ్య హైవేకి కాస్త లోపలగా ఉన్న వెంచర్‌లో ఇల్లు కట్టుకుని దిగాం. నీళ్ళు, కరెంటు, రోడ్డు అన్నీ ఉన్నాయి, ఫైబర్ ఒక్కటే లేదు. అడిగితే "మీ లేఅవుట్‌లో ఇళ్ళు పెరగనివ్వండి సార్, అప్పుడు లైన్ లాగుతాం" అంటున్నారు. ప్రస్తుతం కాపురాలు ఉన్నవి ఆరేడు ఇళ్ళే. మిగతావన్నీ ఖాళీ ప్లాట్లు. వాళ్ళు ఇళ్ళు కట్టేదాకా మేం ఆగలేం.

నాది హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచి పని. మా ఆవిడ ఆన్‌లైన్‌లో లెక్కల ట్యూషన్లు చెబుతుంది. బాబు ఇంటర్. ఇప్పుడంతా ఫోన్ హాట్‌స్పాట్ మీదే నెట్టుకొస్తున్నాం. పగలు పర్లేదు. సాయంత్రం ఏడు దాటితే మీటింగ్‌లో గొంతు తెగిపోతోంది, ఆవిడ బోర్డు మీద రాసేది పిల్లలకి మసకగా కనిపిస్తోందట. గంటలకొద్దీ హాట్‌స్పాట్ పెట్టడంతో ఫోన్ కూడా పెనంలా కాలుతోంది.

ఎయిర్‌ఫైబర్ (డాబా మీద డబ్బా పెట్టి, టవర్ సిగ్నల్ అందుకుని ఇంట్లో వైఫై ఇచ్చేది) పెట్టించుకోవాలా? 4జీ రౌటర్ కొని సిమ్ వేసుకోవాలా? ప్రకటనల్లో అంకెలు వద్దు, మీ ఇంట్లో నిజంగా వచ్చేవి చెప్పండి.

కంకిపాడు_దాటాక

మాది కంకిపాడు నుంచి ఉయ్యూరు వెళ్ళే వైపు. ఎయిర్‌ఫైబరే వాడుతున్నాం. డాబా మీద డబ్బా, అక్కణ్ణుంచి కిందికి ఒక కేబుల్, హాల్లో వైఫై రౌటర్. తీసుకున్నప్పుడు 100 ఎంబీపీఎస్ ప్లాన్ 899, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 1,061 దాకా అయ్యేది. పగలు 90 పైన, రాత్రి తొమ్మిదింటికి 50–60 మధ్య వస్తోంది. అప్‌లోడ్ 12కి అటూ ఇటూ. ఆఫీసుకి, టీవీకి ఇబ్బంది లేదండి. తీసుకోండి.

ఎస్వీఆర్_గుంటూరు

రాష్ట్ర ప్రభుత్వం వారి ఏపీ ఫైబర్‌నెట్ అడిగారా? 2017 డిసెంబరులో రాష్ట్రపతి కోవింద్ గారు ప్రారంభించారు, అది కరెంటు స్తంభాల మీదుగానే వస్తుంది కదా.

నంబూరు_కొత్తిల్లు

చిక్కు అక్కడే ఉందండి. మా వెంచర్‌లో కరెంటు లైన్లన్నీ భూమి లోపల వేశారు. లోపలి వీధుల్లో స్తంభాలే లేవు. కేబుల్ ఆయన కూడా "దేనికి కట్టమంటారు?" అని వెళ్ళిపోయాడు. చూడ్డానికి అందంగా ఉంటుందని కొనేటప్పుడు అందరం సంతోషించాం. స్తంభాలు లేని లేఅవుట్‌లో ప్లాటు కొనేవాళ్ళు నెట్ గొట్టం వేశారో లేదో బిల్డర్‌ని ముందే అడగండి.

డాబా_యాంటెన్నా

కొత్తిల్లు గారూ, ఏదైనా బుక్ చేసే ముందు కొలవండి. కంకిపాడులో బాగుందంటే నంబూరులో బాగుంటుందని లెక్క లేదు. ఒకే ఇంట్లో డాబా మీద ఒక మూలకీ ఇంకో మూలకీ తేడా ఉంటుంది. నేను ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా.

ఫోన్ పైన కనిపించే గీతల్ని వదిలేయండి. ఆండ్రాయిడ్‌లో సెల్ సమాచారం చూపే యాప్ ఏదైనా వేసుకోండి. ఐఫోన్ అయితే డయలర్‌లో *3001#12345#* కొడితే ఫీల్డ్ టెస్ట్ తెర వస్తుంది. చూడాల్సినవి మూడు.

ఒకటి, ఆర్‌ఎస్‌ఆర్‌పీ. సిగ్నల్ ఎంత బలంగా అందుతోందో చెబుతుంది. మైనస్ 80 చుట్టుపక్కల ఉంటే చాలా బాగు, మైనస్ 100 అంటే బలహీనం, మైనస్ 110 దాటితే దాని మీద ఇంటి నెట్ పెట్టుకోవద్దు.

రెండు, ఎస్‌ఐఎన్‌ఆర్. నా లెక్కలో అసలు చూడాల్సింది ఇదే. చుట్టూ ఉన్న మిగతా టవర్ల గోలలోంచి మీ టవర్ మాట ఎంత స్పష్టంగా వినబడుతోందో చెప్పే అంకె. మిర్చి యార్డులో వేలం జోరుగా నడుస్తుంటే పక్కనున్న మనిషి గట్టిగా అరిచినా మాట అర్థం కాదు చూడండి, అలా సిగ్నల్ బలంగా ఉండి కూడా వేగం రాకపోవచ్చు. 20 పైన ఉంటే అద్భుతం, 10 పైన ఉంటే పని నడుస్తుంది, సున్నాకి దగ్గరైతే కష్టం. హైవే పక్కన నాలుగు వైపులా టవర్లు కనిపించే చోట ఈ సమస్య ఎక్కువ.

మూడు, బ్యాండ్. అంటే సిగ్నల్ ఏ తరంగాల మీద వస్తోందో. 5జీ అని రాగానే సంబరపడకండి. జియోకి 700లోనూ 3300లోనూ 5జీ ఉంది. 700 మెగాహెర్ట్జ్ దూరం పోతుంది, గోడలు దాటుతుంది, కానీ వాళ్ళ దగ్గర ఉన్నది 10 మెగాహెర్ట్జ్ వెడల్పే. రోడ్డులాగే, వెడల్పు ఎక్కువైతేనే వేగం. 3300లో 100 మెగాహెర్ట్జ్ ఉంది. యాప్‌లో ఎన్28 అని వస్తే మొదటిది, ఎన్78 అని వస్తే రెండోది. ఇంట్లో ఫోన్ ఎన్28 పట్టుకుని కూర్చుంటుంది, అందుకే 5జీ గుర్తు ఉన్నా వేగం రాదు. డాబా ఎక్కితే ఎన్78 దొరకొచ్చు. ఎయిర్‌ఫైబర్ డబ్బాని బయట పెట్టేది అందుకే.

కొలిచేది పగలు కాదు, రాత్రి ఏడు నుంచి పది మధ్య. డాబా నాలుగు మూలలా, ఫోన్ మనిషి ఎత్తున పట్టుకుని, ఒక్కోచోట ఒక నిమిషం నిలబడి చూడండి. మీ ఊళ్ళో బాగా అందుతుందనుకున్న కంపెనీ సిమ్‌తోనూ, రెండోదానితోనూ. టవర్లు ఎక్కడున్నాయో తెలియకపోతే టెలికాం శాఖ వారి తరంగ్ సంచార్ పోర్టల్‌లో మ్యాపు మీద చూడొచ్చు.

గోరంట్ల_టీచర్

యాంటెన్నా గారు చెప్పినదానికి తోడు ఒక మాట. ట్యూషన్లు చెప్పేవాళ్ళు డౌన్‌లోడ్ కంటే అప్‌లోడ్ చూసుకోవాలి. పిల్లలకి మనం కనిపించేది అప్‌లోడ్ మీదే. ఫైబర్‌లో 100 ప్లాన్ అంటే మామూలుగా రెండు వైపులా 100. ఈ గాలి నెట్‌లో అలా ఉండదు. ఒకే తరంగం మీద కాసేపు కిందికి, కాసేపు పైకి పంపుతారు, ఎక్కువ వంతు కిందికే కేటాయిస్తారు.

మా ఇంట్లో మొదట్లో అప్‌లోడ్ సాయంత్రం 2 కూడా దాటేది కాదు. ఫోన్ చేస్తే రౌటర్ ఆపి వేయండి అనేవారు. ప్రతిసారీ డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) అడిగి రాసుకున్నాను. రాత్రి ఎనిమిదింటికి తీసిన స్పీడ్ టెస్టులు తేదీలతో సహా పంపాను. పరిష్కరించకుండానే ఫిర్యాదు మూసేస్తే, అదే డాకెట్ నంబరుతో కంపెనీలోని అప్పీలేట్ అథారిటీకి, అంటే ఫిర్యాదుని మళ్ళీ పరిశీలించే పై విభాగానికి వెళ్ళాను. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీకి అది ఉండాలి, ఫీజు లేదు. ఆ తర్వాత వచ్చిన టెక్నీషియన్ కుర్రాడు ఓపిగ్గా చూసి, దగ్గరి టవర్ వైపున్న డబ్బాని అమరావతి రోడ్డు వైపున్న దూరం టవర్‌కి తిప్పాడు. సిగ్నల్ కొంచెం తగ్గింది, అప్‌లోడ్ మాత్రం 15కి వచ్చింది. దగ్గరి టవర్ మీద జనం ఎక్కువట.

దగ్గరున్నదే మంచిదని అనుకోకండమ్మా. టెక్నీషియన్ వచ్చినప్పుడు రెండు వైపులా తిప్పి చూపించమని అడగండి. అడగందే వాళ్ళు చెయ్యరు.

బందరురోడ్డు_99

ఇదంతా ఎందుకు, సిగ్నల్‌ని పెంచే బూస్టర్ పెట్టుకుంటే పోలా? ఆన్‌లైన్‌లో మూడు నాలుగు వేలకే వస్తున్నాయి.

డాబా_యాంటెన్నా

వద్దు తమ్ముడూ. లైసెన్సు లేకుండా బూస్టర్ పెట్టుకోవడం మన దేశంలో చట్టవిరుద్ధం. అది మంచి సిగ్నల్‌తో పాటు గోలని కూడా పెంచి టవర్‌కి పంపుతుంది, దాంతో వీధిలో అందరి కాల్స్ తెగుతాయి. అలాంటి ఫిర్యాదులొస్తే అధికారులు వెతుక్కుంటూ వచ్చి తీయిస్తారు. రౌటర్‌కి యాంటెన్నా తగిలించడం వేరు, అది పర్వాలేదు. అందులో సిగ్నల్‌ని పెంచి మళ్ళీ గాల్లోకి వదిలేది ఏమీ ఉండదు.

నున్న_మామిడితోట

మా దగ్గర 5జీ రాదు, చుట్టూ తోటలు. 4జీ రౌటర్‌తోనే నెట్టుకొస్తున్నాం, కాబట్టి ఆ దారి గురించి నేను చెబుతా.

కొనేటప్పుడు కేటగిరీ (రౌటర్ ఎంత వేగం అందుకోగలదో చెప్పే తరగతి, పొట్టిగా క్యాట్) చూడండి. క్యాట్4 రౌటర్ అంటే కాగితం మీదే 150 దాటదు, ఒకసారికి ఒక బ్యాండే పట్టుకుంటుంది. క్యాట్6 అయితే రెండు బ్యాండ్లు కలుపుతుంది, 300 దాకా. వెనక యాంటెన్నా మరలు ఊడదీసి వేరేది బిగించే వీలుండాలి. డాబా మీద రెండంగుళాల జీఐ పైపు నిలబెట్టి, రెండు కేబుళ్ళున్న డైరెక్షనల్ యాంటెన్నా పెట్టాం. ఒక కేబులే ఉన్నది కొంటే సగం లాభం పోయినట్టే. రౌటర్‌ని డాబా మెట్ల గదిలోనే పెట్టి, అక్కణ్ణుంచి కిందికి లాన్ వైరు దించాం. యాంటెన్నా వైరు పొడుగయ్యేకొద్దీ సిగ్నల్ అందులోనే హరించుకుపోతుంది. లాన్ వైరుకి ఆ బాధ లేదు, 100 మీటర్ల దాకా పర్వాలేదు.

రౌటర్ సెట్టింగుల్లో బ్యాండు లాక్ చేసే అవకాశం ఉంటే వాడండి. వదిలేస్తే మాది బ్యాండ్ 5కి పోయేది. అది 850, దూరం నుంచి బలంగా అందుతుంది, కానీ ఇరుకు. బ్యాండ్ 40కి లాక్ చేస్తే గీతలు తగ్గాయి, వేగం 8 నుంచి 35కి పోయింది. వానకి తోట తడిసినప్పుడు మళ్ళీ పడిపోతుంది, ఆకుల తడి ఈ తరంగాల్ని మింగేస్తుంది. అప్పుడు బ్యాండ్ 3కి మారుస్తాం.

ఇంకోటి, ఫోన్లకిచ్చే అన్‌లిమిటెడ్ 5జీ ఈ 4జీ రౌటర్లో పనిచేయదు. రోజుకి 2 జీబీ, 3 జీబీ కోటానే. మీ ఇంట్లో ముగ్గురికీ అది మధ్యాహ్నానికే అయిపోతుంది. ఎయిర్‌ఫైబర్ దొరికే చోట ఈ తంటా పడొద్దు.

నంబూరు_కొత్తిల్లు

రాత్రి ఎనిమిదిన్నరకి డాబా ఎక్కి చూశాను. హైవే వైపు ఈశాన్యం మూల: మైనస్ 86, ఎస్‌ఐఎన్‌ఆర్ 16, ఎన్78. నైరుతిలో నీళ్ళ ట్యాంకు పక్కన: మైనస్ 99, 4. కింద హాల్లో ఎన్28 మీద మైనస్ 104. రెండో కంపెనీ సిమ్‌కి డాబా మీద కూడా ఎస్‌ఐఎన్‌ఆర్ 7 దాటలేదు. అంటే మొదటిదే కదా?

ఇంకో రెండు సందేహాలు. బయట ఉన్నప్పుడు సీసీ కెమెరాలు ఫోన్లో చూస్తాం, దీని మీద వస్తాయా? ఆఫీసు వీపీఎన్ (కంపెనీ నెట్‌లోకి భద్రంగా కలిసే దారి) కలుస్తుందా?

తాడేపల్లి_నైట్‌షిఫ్ట్

16 ఉంటే కళ్ళు మూసుకుని తీసుకోండన్నా.

కెమెరాల సంగతి. ఈ కనెక్షన్లలో మనకంటూ వేరే పబ్లిక్ ఐపీ (బయటి నుంచి మన ఇంటి నెట్‌ని చేరే చిరునామా) ఉండదు, వేలమందికి కలిపి ఒకటి ఇస్తారు. దాంతో పాత డీవీఆర్‌లకి (కెమెరా రికార్డింగు పెట్టెలు) చేసే పోర్ట్ ఫార్వార్డింగ్, అంటే బయటి నుంచి నేరుగా వాటికి దారి తెరవడం, పనిచేయదు. కెమెరా కంపెనీ యాప్‌లో క్యూఆర్ స్కాన్ చేసి చూసే కెమెరాలైతే హాయిగా వస్తాయి. మీది పాత డీవీఆర్ అయినా మెనూలో పీ2పీ అనో క్లౌడ్ అనో ఉంటుంది, అది ఆన్ చేయించండి.

వీపీఎన్ కలుస్తుంది కానీ కొన్ని ఆఫీసు పేజీలు తెరుచుకోక అలా తిరుగుతూ ఉంటే, ఐటీ వాళ్ళకి చెప్పి ఎంటీయూ (ఒక్కసారికి పంపే డేటా ముక్క సైజు) 1400కి తగ్గించమనండి. నాకు దాంతో కుదురుకుంది.

ఒక జాగ్రత్త. మాకు ఉండవల్లి కొండ అడ్డం, 5జీ డబ్బాకి సిగ్నల్ చాల్లేదు. అప్పుడు టెక్నీషియన్ వేరే పరికరం తెచ్చాడు, యూబీఆర్ అంటారు. అది 5జీ కాదు, లైసెన్సు అక్కర్లేని 5 గిగాహెర్ట్జ్ రేడియో. టవర్ మీది పరికరానికీ మన డాబాకీ మధ్య అడ్డమేమీ ఉండకూడదు. అడ్డం లేనంతకాలం బ్రహ్మాండంగా నడుస్తుంది, పింగ్ (అవతలి నుంచి జవాబు రావడానికి పట్టే సమయం) కూడా తక్కువ. కానీ మీ చుట్టూ ఖాళీ ప్లాట్లున్నాయన్నారు. రేపు ఎదురు ప్లాటులో రెండంతస్తులు లేస్తే లైను పోతుంది. ఏది బిగిస్తున్నారో అడిగి తెలుసుకోండి.

సింగ్‌నగర్_వాసి

కరెంటు గురించి ఎవరూ అనలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చినప్పుడు మా వీధిలో మొదట పోయింది కరెంటు, ఆ తర్వాత టవర్ బ్యాటరీలు, ఆ తర్వాత అన్నీ. పై అంతస్తుల్లో చిక్కుకున్నవాళ్ళు బయటున్న పిల్లలకి బతికే ఉన్నామని చెప్పుకోలేకపోయారు. అందుకని నా మాట: ఇంటి నెట్ ఒక కంపెనీదైతే ఇంట్లో కనీసం ఒక ఫోన్ వేరే కంపెనీది ఉండాలి. అన్నీ ఒకే టవర్ మీద పెట్టకండి. రౌటరూ, డబ్బాకి కరెంటిచ్చే అడాప్టరూ నేల మీద కాకుండా గోడకి ఎత్తున బిగించండి.

మామూలు కోతలకి ఇన్వర్టర్ లేకపోతే చిన్న యూపీఎస్ దొరుకుతుంది. అడాప్టర్ మీద రాసి ఉన్న ఓల్టులూ ఆంపియర్లూ చూసి కొనండి. రౌటర్‌కి ఒకటి, డాబా మీది డబ్బాకి ఒకటి, రెండూ వేరే ఓల్టులు కావచ్చు. రౌటర్‌కి మాత్రమే పెడితే వైఫై ఉంటుంది, నెట్ ఉండదు.

ఎస్వీఆర్_గుంటూరు

డేటా పరిమితి? ముగ్గురు వాడితే సరిపోతుందా?

కంకిపాడు_దాటాక

నెలకి 1 టీబీ అండి, అంటే రోజుకి 33 జీబీ. హెచ్‌డీలో సినిమా గంటకి 3 జీబీ అనుకోండి. 4కే టీవీ రోజూ గంటలకొద్దీ నడిపితే తప్ప దాటదు. దాటితే మాత్రం వేగం పూర్తిగా పడిపోతుంది, నెలాఖరులో యాప్‌లో ఒకసారి చూసుకుంటూ ఉండండి. పిల్లల టీవీలో నాణ్యత హెచ్‌డీకి పెట్టేస్తే సగం భారం తగ్గుతుంది.

నంబూరు_కొత్తిల్లు

అందరికీ చాలా ధన్యవాదాలు. బుక్ చేశాను, ఈ వారంలో వస్తామన్నారు. ఏడాదికి ఒకేసారి కడితే బిగింపు ఖర్చు ఉండదంటున్నారు. కట్టేయనా?

గోరంట్ల_టీచర్

ఇప్పుడే వద్దు. బిగింపు డబ్బులు ఇచ్చినా సరే, ముందు చిన్న గడువు ప్లాన్ తీసుకుని మీ ఆవిడ క్లాసులు సాయంత్రం ఎలా నడుస్తున్నాయో చూడండి. అప్పుడు ఏడాదికి కట్టండి.

డాబా_యాంటెన్నా

టీచర్ గారి మాటే నాదీ. టెక్నీషియన్ వచ్చేసరికి ఈశాన్యం మూలలో సుద్దముక్కతో గుర్తు పెట్టి ఉంచండి. వాళ్ళు కేబుల్ ఆదా చేద్దామని మెట్ల పక్కనే బిగించేస్తారు. కేబుల్ కాస్త ఎక్కువైనా అక్కడే బిగించమనండి, అదనపు మీటర్లకి డబ్బులడిగితే ఇవ్వండి. బిగించాక ఆయన ఫోన్లో డబ్బా చూపించే ఎస్‌ఐఎన్‌ఆర్ ఫోటో తీసుకోండి. రేపు వేగం పడిపోతే ఆ అంకెతో పోల్చి, తప్పు మీ డాబా మీదుందో టవర్ దగ్గరుందో చెప్పొచ్చు. కేబుల్ గోడలోంచి లోపలికొచ్చే రంధ్రానికి బయట కాస్త కిందికి వంపు వదలమనండి, లేకపోతే వాననీరు కేబుల్ వెంబడే హాల్లోకి వస్తుంది.