కొత్త షీట్ ముందు పెడితే చేతులు ఆగిపోతున్నాయి: సైట్ రీడింగ్ (చూడగానే చదివి వాయించడం) ఎలా?

ప్రశ్న (అడిగింది: మంద్రస్థాయి):
సరిగమల్లో రాసిన గీతాలు, వర్ణాలు చూడగానే పాడగలను. ఇప్పుడు పియానోలో ఏబీఆర్ఎస్ఎం (బ్రిటన్ సంగీత పరీక్షల సంస్థ) గ్రేడ్ 3 ప్రాక్టికల్‌కి తయారవుతున్నాను. స్టాఫ్ (స్వరాలు రాసే ఐదు గీతల వరుస) మీద ప్రతి నోట్‌నీ మనసులో సరిగమల్లోకి మార్చుకుని వాయిస్తున్నాను. సి మేజర్ పర్వాలేదు. జి మేజర్ వస్తే ఎడమచెయ్యి తప్పుతోంది, ఆగి దిద్దుకుంటున్నాను. రోజుకి 20 నిమిషాలు కేటాయించగలను.

తెల్లమెట్లు:
ఆ మార్చుకోవడమే అడ్డం. మనకి 'స' ఏ శ్రుతిలోనైనా ఉండొచ్చు, స్టాఫ్ గీతలు మాత్రం కదలవు. సి ని 'స' అనుకుని జి మేజర్ చదివితే కల్యాణి స్వరాలే కనిపిస్తాయి, ఆధారమేమో జి. తడబడక ఏం చేస్తారు!

పేర్లు వదిలేసి దూరం చూడండి. గీత నుంచి ఆనుకున్న ఖాళీకి వెళ్తే పక్క మెట్టు. గీత నుంచి తర్వాతి గీతకైతే మధ్యలో ఒకటి వదలాలి. ఒక గీత దాటేసి ఆపై గీతకి వెళ్తే దాదాపు ఎప్పుడూ స–ప దూరమే. ఆక్టేవ్ (స నుంచి పై స) మాత్రం గీత మీద మొదలైతే ఖాళీలోనే పడుతుంది.

గుర్తుగా మూడు చాలు: మిడిల్ సి, ట్రెబుల్ క్లెఫ్ (కుడిచేతి వరుస మొదట్లోని గుర్తు) మెలిక తిరిగే జి గీత, బేస్ క్లెఫ్ (ఎడమచేతి వరుసది) రెండు చుక్కల మధ్య ఉన్న ఎఫ్ గీత. ఎడమచెయ్యి తప్పడానికి మామూలు కారణం బేస్‌ని ట్రెబుల్ కళ్లతో చదవడం. ట్రెబుల్‌లో అడుగు గీత ఇ, బేస్‌లో అదే గీత జి.

తకిట:
పై జవాబుకి ఒక చేర్పు. పరీక్షలో ఎక్కువమందిని ముంచేది స్వరం కన్నా లయ, అందులో మీకు ముందే పట్టుంది. 4/4లో చుక్క పెట్టిన క్రోచెట్ (ఒకటిన్నర బీట్), దాని వెనక క్వేవర్ (అర బీట్) వస్తే రెండు బీట్లకి 'తకధిమి' అనుకుని 'త' మీద, 'మి' మీద నొక్కండి. 6/8ని 3/4లా లెక్కపెట్టకండి: మొదటిది తకిట తకిట, రెండోది తక తక తక.

రోజువారీకి మీ పాఠం కన్నా రెండు గ్రేడ్లు తక్కువవి, ఎన్నడూ చూడనివి, మూడు నాలుగు తీసుకోండి. ఒక్కోటీ రెండుసార్లు మించొద్దు. మూడోసారి వాయిస్తున్నది చదివి కాదు, గుర్తుండి. మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) నిమిషానికి 50 బీట్ల దగ్గర పెట్టి, తప్పు పడినా వెనక్కి వెళ్లకండి. తాళం నడుస్తుంటే తప్పిన నోట్ ఒక్కటే పోతుంది, ఆగితే బారంతా (రెండు నిలువు గీతల మధ్య భాగం) పోతుంది.

మంద్రస్థాయి:
కళ్లు మాటిమాటికీ కీల మీదకి పోతున్నాయండీ. దానికేమైనా ఉందా?

తెల్లమెట్లు:
చేతుల మీద పలచని తువ్వాలు కప్పి వాయించండి. నల్లమెట్లు రెండు, మూడు చొప్పున గుంపులుగా ఉంటాయి కదా, వేళ్లతో తడిమితే చోటు తెలుస్తుంది: రెండింటి గుంపుకి ఎడమ పక్కనే సి, మూడింటికి ఎడమ పక్కనే ఎఫ్. ఇంట్లో ఎవరైనా ఉంటే, మీరు వాయిస్తున్న బార్‌ని కార్డుతో మూసేయమనండి. కళ్లు తప్పనిసరిగా ముందు బార్‌కి పోతాయి. మొదట్లో చిరాగ్గా ఉంటుంది.

తకిట:
పరీక్షలో చూసుకోవడానికి అర నిమిషం ఇస్తారు, అందులో వాయించి చూసుకోవచ్చు కూడా. మొత్తం 150లో సైట్ రీడింగ్‌కి 21 మార్కులు, పాస్‌కి 14. ఆ అర నిమిషాన్ని మొదటి బార్ మీదే ఖర్చు చెయ్యకండి. కీ సిగ్నేచర్ (వరుస మొదట్లో రాసే షార్ప్, ఫ్లాట్ గుర్తులు: అర స్వరం పెంచేవి, తగ్గించేవి), టైమ్ సిగ్నేచర్ (4/4 లాంటి లెక్క) చూసి, చేతులు మొదలయ్యే చోట్లు పట్టుకుని, కష్టంగా కనిపించే బార్‌ని వాయించుకోండి. జి మేజర్‌లో షార్ప్ గుర్తు ఒక్క ఎఫ్ దగ్గరే రాసినా అన్ని ఎఫ్‌లకీ వర్తిస్తుంది. మధ్యలో వచ్చే షార్ప్, ఫ్లాట్ మాత్రం ఆ బార్ వరకే, ఆ గీతకో ఖాళీకో మాత్రమే.