మిద్దె మీద పెయింట్ బకెట్‌తో అడుగున నీళ్లు నిలిచే కుండీ: కొలతలు చెప్పగలరా?

పెరటిగుమ్మం (గుంటూరు)

నమస్కారమండీ. మా అపార్ట్‌మెంట్‌లో 12 ఇళ్లు. ఫిబ్రవరి చివరి ఆదివారం అందరం మిద్దె మీద చేరి, ఇంటికొక కుండీ ఎవరి చేతులతో వాళ్లే చేసుకుందామని అనుకున్నాం. పిల్లలూ ఉంటారు. ఇక్కడ ఏప్రిల్, మే ఎండలకు మామూలు కుండీలకు రోజుకు రెండు పూటలా నీళ్లు పోసినా మధ్యాహ్నానికి మొక్క వాలిపోతుంది. అందుకే అడుగున నీళ్లు నిలవ ఉండి, మొక్క తనకు కావలసినంత పైకి లాక్కునే రకం చేయాలని ఉంది. 20 లీటర్ల ఎమల్షన్ (నీళ్లతో కలిపే గోడ రంగు) పెయింట్ బకెట్లు ఇంటికి రెండు చొప్పున 24 దొరికాయి.

తెలియాల్సినవి: బెజ్జాలు ఎక్కడ, ఎంత సైజు? మట్టి ఏ పాళ్లలో కలపాలి? నీళ్లు నిలిస్తే వేరు కుళ్లదా, దోమలు రావా? ఆ నెలలో ఏ మొక్క పెడితే బాగుంటుంది?

మట్టిపని (వరంగల్)

మంచి పని పెట్టుకున్నారండీ. ముందు అది పని చేసే తీరు అందరికీ చెప్పండి, అప్పుడు కొలతలు వాటంతట అవే అర్థమవుతాయి. బయటి బకెట్ అడుగున నీళ్లు. లోపలి బకెట్‌లో మట్టి. లోపలి బకెట్ అడుగు మధ్యలోంచి మట్టి నింపిన ఒక డబ్బా నీళ్లలోకి వేలాడుతుంది. దీపంలో వత్తి నూనెను లాగినట్టు ఆ డబ్బాలోని మట్టి నీటిని పైకి లాగుతుంది. నీటి మట్టానికీ లోపలి బకెట్ అడుగుకీ మధ్య కాస్త గాలి తప్పకుండా ఉండాలి. వేరు కుళ్లడం, కుళ్లకపోవడం ఆ గాలి మీదే ఆధారపడి ఉంటుంది.

బకెట్లు శుభ్రం చేయడం: ఎమల్షన్ పూర్తిగా ఎండనిస్తే పొరలా ఊడి వస్తుంది, తర్వాత సబ్బు నీళ్లతో రుద్దండి. ఎనామిల్, థిన్నర్, పురుగుమందు, యాసిడ్ ఉన్న డబ్బాలు తినే మొక్కలకు ఎంత కడిగినా వద్దు.

1. ఒక బకెట్‌లో రెండోది దించండి. రెండు అడుగుల మధ్య 6 నుంచి 7 సెం.మీ. సందు రావాలి. లోపలి బకెట్‌లో టార్చి వెలిగించి పెడితే దాని అడుగు ఎక్కడుందో బయటి బకెట్ గోడ మీద నీడలా కనిపిస్తుంది. అక్కడ మార్కర్‌తో గీత గీయండి.

2. ఆ గీతకు 1.5 సెం.మీ. కిందుగా, బయటి బకెట్‌కు 8 మి.మీ. బెజ్జం ఒకటి. ఎక్కువైన నీళ్లు బయటకు పోయే దారి ఇది, గాలి ఆడే దారి కూడా ఇదే. దీన్ని పొరపాటున గీతకు పైన పెడితే మట్టి అడుగు నీళ్లలో మునిగే ఉంటుంది. 15 రోజుల్లో ఆకులు పసుపు రంగుకు తిరిగి వాలిపోతాయి. చూసినవాళ్లు నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోస్తారు.

3. లోపలి బకెట్ అడుగు మధ్యలో గుండ్రటి కన్నం. అర కిలో పెరుగు డబ్బా అంచు దాని మీద ఆగాలి, ఒళ్లు కిందికి దిగాలి. డబ్బా మూతి 10 సెం.మీ. అయితే కన్నం 9.5 చాలు. హోల్ సా (గుండ్రటి కన్నం కోసే డ్రిల్ బిట్) లేకపోతే గీత పొడవునా 5 మి.మీ. బెజ్జాలు దగ్గర దగ్గరగా వేసి, హాక్సా బ్లేడుతో కలిపి కోయండి. మేకు కాల్చి పొడిచేవాళ్లు ఉంటారు, ఆ పొగ మంచిది కాదు, ఆరుబయటే చేయాలి. ఈ పని పిల్లల చేతికి ఇవ్వకండి.

4. పెరుగు డబ్బా పక్కలకు 4 మి.మీ. బెజ్జాలు 20 దాకా. డబ్బా అడుగు బయటి బకెట్ అడుగును దాదాపు తాకాలి. అప్పుడే చివరి చుక్క వరకూ లాగుతుంది.

5. లోపలి బకెట్ అడుగున మిగతా చోట 5 మి.మీ. బెజ్జాలు 20. వాన పడినప్పుడు పైనుంచి దిగిన నీళ్లు వీటిగుండానే తొట్టిలోకి, అంటే బయటి బకెట్ అడుగున నీళ్లు నిలిచే చోటికి, పోతాయి.

6. లోపలి బకెట్ అడుగు అంచున ఇంకో కన్నం, అందులోంచి 1 అంగుళం పీవీసీ పైపు. పొడవు 48 సెం.మీ. కింది కొస ఏటవాలుగా కోయండి. సమంగా కోస్తే అడుగుకు అతుక్కుపోయి నీళ్లు దిగవు. పై కొసకు ఎండ్ క్యాప్.

దోమల సంగతి: వేసవిలో గుడ్డు నుంచి దోమ కావడానికి 7 నుంచి 10 రోజులు చాలు. పైపుకు క్యాప్, పక్క బెజ్జానికి లోపలివైపు దోమతెర ముక్క అంటిస్తే లోనికి దారి ఉండదు. తెరకు మట్టి పట్టి మూసుకుపోతే పైపులో పోసిన నీళ్లు బుడబుడమని వెనక్కి తన్నుతాయి. అది తెర కడగమని గుర్తు.

మట్టి: నల్లరేగడి అసలు వద్దు. తడిస్తే ఉబ్బి గాలి లేకుండా చేస్తుంది, ఆరితే గోడ విడిచి పగుళ్లిస్తుంది, వత్తి తెగినట్టే. ఒట్టి ఎర్రమట్టి కూడా ఈ రకం కుండీలో గడ్డకడుతుంది. కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) 4 పాళ్లు, బాగా చివికిన వర్మీకంపోస్ట్ 3, జల్లించిన ఎర్రమట్టి 2, వరి ఊక 1. బకెట్‌కు గుప్పెడు (100 గ్రాములు) వేపపిండి. ఒక్కో బకెట్‌కు 17, 18 లీటర్ల మిశ్రమం పడుతుంది. కోకోపీట్‌ను వాడే ముందు రెండుమూడు సార్లు నానబెట్టి పిండాలి. కొబ్బరి పీచులో ఉప్పు ఉంటుంది, ఈ కుండీలో అది బయటకు పోయే దారి తక్కువ.

నింపేటప్పుడు పెరుగు డబ్బాలో తడి మిశ్రమాన్ని వేళ్లతో గట్టిగా అదమాలి. పైన బకెట్‌లో మాత్రం అదమకూడదు. డబ్బాలో ఖాళీ మిగిలితే నీళ్లు అక్కడే ఆగిపోతాయి. "తొట్టి నిండా నీళ్లున్నా మొక్క ఎండిపోయింది" అనేవాళ్లు ముందు చూడాల్సింది ఇదే. రెండో కారణం, మొదటిసారి పైనుంచి పోయకపోవడం. పొడి మట్టి నీటిని లాగదు. పక్క బెజ్జంలోంచి కారేదాకా ఒకసారి పైనుంచి పోసి, ఆ తర్వాతే పైపు వాడాలి. నారు నాటితే వేరు కిందికి దిగేదాకా, అంటే రెండు వారాలు, పైనుంచే పోయండి.

ఊటకుండ (రాజమండ్రి)

మట్టిపని గారు చెప్పింది పక్కాగా ఉంది. ఒక్క మాట కలుపుతాను. ఈ తొట్టిలో నిలిచేవి మహా అయితే 3 లీటర్లు. పెరిగిన వంగ మొక్క మే ఎండలో రోజుకు లీటరున్నర దాకా తాగేస్తుంది. అంటే రెండు రోజులు. వారం రోజులు ఊరెళ్తాం, ఇదే చూసుకుంటుంది అని ఎవరూ అనుకోవద్దు. ఈ కుండీతో రోజుకు రెండు పూటల పని రెండు రోజులకొకసారికి తగ్గుతుంది, మొక్క వాలిపోవడం ఆగుతుంది. అది చిన్న లాభమేమీ కాదు.

సగం కోసిన డ్రమ్ము, పెద్ద గ్రోబ్యాగ్ ఉన్నవాళ్లు కుమ్మరి దగ్గర రెండు లీటర్ల మట్టి ముంత తెచ్చి, మూతి రెండు వేళ్లు పైకి ఉండేలా మధ్యలో పాతిపెట్టండి. నీళ్లు నింపి కొబ్బరి చిప్ప మూత పెట్టాలి. చుట్టూ మట్టి ఆరేకొద్దీ ముంత గోడలోంచి ఊరుతుంది, తడి ఉంటే ఊట తగ్గుతుంది. మొక్కలు ముంతకు జానెడు లోపే ఉండాలి, అంతకు మించి తడి చేరదు. తోటకూర, పాలకూర చుట్టూ వలయంగా చల్లితే చాలా బాగుంటుంది.

కొనేటప్పుడు పరీక్ష: రాత్రి నీళ్లు పోసి ఉంచితే తెల్లారేసరికి బయట చెమ్మ తగలాలి. రంగు వేసినవి, నున్నగా పాలిష్ పట్టినవి ఊరవు. బోరు నీళ్లతో ఏడాది తిరిగేసరికి ముంతకు తెల్లటి పొర పట్టి ఊట తగ్గుతుంది, వెనిగర్ కలిపిన నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి పీచుతో రుద్దితే మళ్లీ దారికొస్తుంది. మల్లె, జామ లాంటి చెట్ల పక్కన పాతకండి, వేరు లావై ముంతను పగలగొడుతుంది.

చిట్టిమడి (హైదరాబాద్)

బకెట్ పని పెద్దవాళ్లు చేస్తుంటే పిల్లలు ఊరికే నిలబడతారు. వాళ్లకు రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా ఇవ్వండి. అడుగు నుంచి 14 సెం.మీ. దగ్గర కోసి, పై ముక్కను బోర్లించి కింది ముక్కలో దింపాలి. మూతకు 8 మి.మీ. బెజ్జం, అందులోంచి వత్తి. కోసిన అంచు చేతికి గీసుకుంటుంది, టేపు చుట్టించండి.

వత్తికి నూలు గుడ్డ బాగా లాగుతుంది కానీ రెండుమూడు నెలల్లో కుళ్లిపోతుంది. కొత్త నైలాన్ తాడు కుళ్లదు, కానీ గట్టిగా పేనింది నీళ్లు సరిగా లాగదు. వంటింట్లో తుడవడానికి వాడే మైక్రోఫైబర్ గుడ్డను రెండు వేళ్ల వెడల్పు పట్టీలుగా కోస్తే రెండు బాధలూ ఉండవు. పట్టీ సగం మట్టిలో, సగం నీళ్లలో. నాటే ముందు పూర్తిగా తడపాలి.

సీసాలోంచి వెలుతురు పోతే నీళ్లకు నాచు పడుతుంది. కింది ముక్కకు గోధుమ రంగు కాగితం చుట్టండి, దాని మీద పిల్లలు బొమ్మలు వేసుకుంటారు. తెల్ల పెయింట్ బకెట్లకూ ఇదే సమస్య, అడుగు భాగానికి గోనె చుట్టండి. నల్ల బకెట్లయితే నాచు పట్టదు గానీ పడమటి ఎండకు వేరు ఉడికిపోతుంది, వాటికీ గోనె అవసరమే.

సీసాలో పుదీనా పెట్టండి. 10 సెం.మీ. కొమ్మ, కింది రెండు కణుపుల ఆకులు తీసేసి, ఆ కణుపులు మట్టిలోకి. వారం పది రోజుల్లో వేళ్లు వస్తాయి. కొత్తిమీర అయితే ధనియాలు చేత్తో నలిపి రెండు పలుకులు చేసి వేయాలి, కానీ మార్చి ఎండకు అది త్వరగా పూతకు పోతుంది. నీడ ఉన్న బాల్కనీకైతేనే ఇవ్వండి.

ఇంకోటి, నారు ఇచ్చిపుచ్చుకోవడానికి వార్తాపత్రిక కుండీలు. 12 సెం.మీ. వెడల్పు పట్టీని స్టీలు గ్లాసుకు మూడు చుట్లు చుట్టి, 4 సెం.మీ. కిందికి మడిచి, గ్లాసును నేలకేసి నొక్కి తీసేయడమే. జిగురు అక్కర్లేదు. కాగితంతో పాటే నాటేయవచ్చు. కాకపోతే మట్టి పైకి కాగితం అంచు కనిపించకూడదు. కనిపిస్తే అది వత్తిలా తడిని గాలికి వదిలేసి లోపలి మట్టిని ఎండబెడుతుంది. ఆ అంచు చించేయండి. నిగనిగలాడే రంగుల పేజీలు వద్దు.

పెరటిగుమ్మం (గుంటూరు)

అందరికీ ధన్యవాదాలండీ. ఇవాళ ఒక జత దించి చూశాను, సందు 3 సెం.మీ. మాత్రమే వస్తోంది. ఏం చేయాలి? 12 బకెట్లకు సరుకు ఎంత తేవాలి? అందరూ టమాటా అడుగుతున్నారు, పెట్టొచ్చా?

మట్టిపని (వరంగల్)

సందు 3 అయితే లీటరు నీళ్లే పడతాయి, చాలవు. 2 అంగుళాల పీవీసీ పైపును 7 సెం.మీ. ముక్కలుగా కోసి, బకెట్‌కు మూడు చొప్పున అడుగున నిలబెట్టండి. లోపలి బకెట్ వాటి మీద కూర్చుంటుంది. ముక్క కింది అంచున చిన్న గాటు పెట్టండి, లేకపోతే దాని లోపలి నీళ్లు అక్కడే ఉండిపోతాయి. ఇలా ఎత్తితే రెండు బకెట్ల మూతుల మధ్య సందు వస్తుంది, దోమ దూరేది అక్కడే. పాత గుడ్డ పట్టీని చుట్టూ దట్టంగా కూరండి. గీత మళ్లీ కొత్తగా గీసుకున్నాకే పక్క బెజ్జం వేయండి.

సరుకు: మొత్తం 216 లీటర్ల మిశ్రమం. 5 కిలోల కోకోపీట్ దిమ్మె నానితే 60 లీటర్ల పైనే అవుతుంది, రెండు తెండి. వర్మీకంపోస్ట్ 45 కిలోలు, ఎర్రమట్టి రెండు సిమెంటు సంచుల్లో సగం సగం కంటే కొంచెం ఎక్కువ, ఊక ఒక చిన్న గోనెసంచి, వేపపిండి కిలోంపావు. కోకోపీట్ ముందు రోజు సాయంత్రమే నానబెట్టుకోండి, అది మరచిపోతే ఆదివారం పొద్దున్న రెండు గంటలు దానికే పోతుంది.

టమాటా ఇప్పుడు వద్దండీ. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పూత రాలిపోతుంది. మొక్క పచ్చగా ఉంటుంది, కాయ ఉండదు. మొదటిసారి పెంచేవాళ్ల మనసు విరిగిపోతుంది. దాన్ని వానలు పడ్డాక పెట్టుకోండి. ఇప్పటికి బెండ. రాత్రంతా నానబెట్టిన గింజలు నాలుగు, వేలి కణుపంత లోతున, ఆదివారం నేరుగా బకెట్‌లోనే వేయించండి. బెండకు తల్లివేరు, నారు పోసి పీకి నాటితే దెబ్బతింటుంది. మొలిచాక బలమైన రెండు ఉంచి మిగతావి పీకకుండా కత్తెరతో కత్తిరించండి. 45 నుంచి 50 రోజులకు మొదటి కోత. రెండు రోజులకొకసారి కోయాలి, వదిలేస్తే కాయ ముదిరి పీచు పడుతుంది, కొత్త పిందెలూ తగ్గుతాయి. వంగ కావాలన్నవాళ్లు 30 రోజుల నారు తెచ్చుకోవచ్చు, బకెట్‌కు ఒక్కటే.

నిండిన బకెట్ 20 కిలోలు దాటుతుంది. స్లాబు మధ్యలో గుంపుగా కాకుండా పిట్టగోడ వెంట, దూలాలు ఉన్న వైపు వరుసగా పెట్టండి. కింద మూడు ఇటుకలు వేస్తే స్లాబు మీద చెమ్మ నిలవదు, పక్క బెజ్జంలోంచి కారుతోందా లేదా కూడా కంటికి కనిపిస్తుంది.

నీళ్లు ఎంత ఉన్నాయో చూడటానికి పైపులో చీపురుపుల్ల ముంచి తీయండి. తడి రెండు వేళ్ల కంటే తగ్గితే నింపాలి. పూర్తిగా ఎండనిస్తే డబ్బాలోని మట్టి ఆరిపోయి, మళ్లీ పైనుంచి పోసి మొదలుపెట్టాల్సి వస్తుంది.

ఎరువు ఎప్పుడూ పైనుంచే. జీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లంతో పులియబెట్టిన ద్రవ ఎరువు), బియ్యం కడిగిన నీళ్లు పైపులో పోస్తే తొట్టిలో పులిసి కంపు కొడతాయి, వేళ్లకు గాలి అందదు. 20 రోజులకొకసారి రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్ట్ పైన చల్లి మట్టి గీరండి. నీళ్లు ఎప్పుడూ కిందినుంచి పైకే పోతాయి కాబట్టి ఉప్పు పైన తెల్లగా పేరుకుంటుంది, మీ దగ్గర బోరు నీళ్లయితే ఇంకా త్వరగా. నెలకొకసారి ఆ తెల్ల పొర గీకి పారేసి, పైనుంచి ఐదారు లీటర్లు నిదానంగా పోసి పక్క బెజ్జంలోంచి పోనివ్వండి. కారిన నీళ్లు మళ్లీ పైపులో పోయొద్దు, ఆ ఉప్పంతా వాటిలోనే ఉంటుంది.

ఊటకుండ (రాజమండ్రి)

బోరు నీళ్ల మాట వచ్చింది కాబట్టి: ఏసీ నుంచి కారే నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు. గొట్టం కింద శుభ్రమైన బకెట్ పెట్టి పట్టి ఈ తొట్టిలో పోస్తే ఆ తెల్ల పొర చాలా ఆలస్యంగా వస్తుంది. ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీళ్లు మాత్రం వద్దు, వాటిలో ఉప్పు మామూలు కంటే ఎక్కువ.