చెక్ సినిమాలు: దేనితో మొదలుపెట్టాలి?

ప్రశ్న: చెక్ దర్శకుడు మిలోష్ ఫోర్మన్ అమెరికా వెళ్లాక తీసిన 'అమెడియస్' చూశాక, 1960ల నాటి చెక్ (అప్పటి చెకొస్లొవేకియా) సినిమాల మీద ఆసక్తి కలిగింది. ముందుగా దేన్ని చూడమంటారు?

జవాబు: యిర్జీ మెంజెల్ 'క్లోజ్లీ వాచ్డ్ ట్రెయిన్స్' చూడండి. 1966లో, 28 ఏళ్ల వయసులో తీసిన తొలి పూర్తినిడివి చిత్రం. ఆస్కార్ కూడా గెలిచింది. మా నాన్నగారు స్టేషన్ మాస్టరుగా చేశారు. అందుకేనేమో, మొదట్లో తల్లి కొడుకు తలపై రైల్వే టోపీని కిరీటంలా పెట్టే దృశ్యం దగ్గరే నేను ఆగిపోయాను. ఆ టోపీని చివరిదాకా గమనించండి. ఇంతకంటే చెప్పను.

మరో జవాబు: వేరా ఖితిలోవా 'డైసీస్' మరచిపోకండి! ఆహారాన్ని వృథా చేశారంటూ పార్లమెంటు సభ్యుడొకరు ఆ సినిమాపై ధ్వజమెత్తారు. ఆ రంగులు, కత్తెరతో ముక్కలు చేసినట్టుండే దృశ్యాలు ఇప్పటికీ కొత్తగానే ఉన్నాయి.

ప్రశ్నించినవారు: నిన్న రాత్రి మెంజెల్ సినిమా చూశానండీ. గాలికి కొట్టుకొచ్చిన టోపీ ఇంకా కళ్లముందే ఉంది. తరువాత ఏది?

మొదటి జవాబిచ్చినవారు: అదే మెంజెల్ 'లార్క్స్ ఆన్ ఎ స్ట్రింగ్'. పాత ఇనుము గుట్టల మధ్య పనికి కమ్యూనిస్టు ప్రభుత్వం పంపిన ప్రొఫెసర్, శాక్సఫోన్ వాద్యకారుడు, పక్కనే మహిళా ఖైదీలు. 1968 ఆగస్టులో సోవియట్ నేతృత్వంలోని సైన్యాలు దేశంలోకి వచ్చాక, 1969లో తీశారు. వెంటనే నిషేధించారు. 1990లో బెర్లిన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి గోల్డెన్ బేర్ అందుకుంది. ఇరవై ఏళ్లు పెట్టెలో మూలిగిందంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.