టాంజానియా సఫారీకి ఇంటివాళ్లను ఎప్పుడు పిలవాలి?

ప్రశ్న: నమస్కారం. ఉద్యోగరీత్యా ఇటీవలే కుటుంబంతో దార్ ఎస్ సలామ్ చేరుకున్నాము. వేసవి సెలవుల్లో ఖమ్మం నుండి అమ్మానాన్నలు, అక్క, ఆమె పిల్లలు వస్తామంటున్నారు. ఏప్రిల్ నెలాఖరున వారం రోజుల్లో వారికి సెరెంగెటి జంతువుల పార్కు, కిలిమంజారో పర్వతం, జాంజిబార్ దీవి మూడూ చూపించవచ్చునా? అనుభవమున్న పెద్దలు దయచేసి సలహా ఇవ్వగలరు.

జవాబు: సోదరా, ఇంటివారికి ఈ దేశం చూపించాలన్న మీ ఆలోచన చాలా మంచిది. అయితే ఏప్రిల్ మాత్రం వద్దని గట్టిగా చెబుతాను. మన ఊళ్లలో ఎండలు మండే మార్చి నుండి మే వరకు ఇక్కడ పెద్ద వానల కాలం. మట్టిదారులు బురదై జీపులు దిగబడతాయి, గడ్డి ఏపుగా పెరిగి జంతువులను దాచేస్తుంది, కొన్ని లాడ్జీలు మూసివేస్తారు. గదుల అద్దె తగ్గుతుందన్నది నిజమే గానీ, ఇంత దూరం ఒక్కసారి వచ్చే పెద్దవారి విషయంలో ఆ పొదుపును నేను లెక్కలోకి తీసుకోను.

అక్క పిల్లలకు దసరా సెలవులుంటాయి కదా, అప్పుడు పిలవండి. అది పొడి కాలం చివర. నీరు దొరికే చోట్లు తగ్గిపోయి, జంతువులన్నీ మిగిలిన నదులకూ మడుగులకూ చేరుతాయి కనుక వాటిని వెతకడం తేలిక. పిల్లలు రాలేక అమ్మానాన్నలు మాత్రమే వచ్చేటట్లయితే సంక్రాంతి వెళ్లాక, ఫిబ్రవరి కూడా అంతే మంచిది. ఎందుకో వివరిస్తాను.

సెరెంగెటిలో పది లక్షలకు మించిన విల్డెబీస్ట్‌లు (కొమ్ములున్న పెద్ద అడవి జంతువులు), వాటితో లక్షల జీబ్రాలూ జింకలూ, కెన్యాలోని మసాయి మారా వరకు వానలనూ పచ్చికనూ వెదుక్కుంటూ ఏడాది పొడవునా తిరుగుతూనే ఉంటాయి. ఫిబ్రవరి ప్రాంతంలో అవి దక్షిణాన న్‌డుటు మైదానాలలో ఈనుతాయి. అక్కడి నేల అగ్నిపర్వతాల బూడిదతో ఏర్పడినది కావడం వల్ల గడ్డిలో ఖనిజాలు ఎక్కువగా ఉండి, పాలిచ్చే తల్లులకు బలమిస్తాయి. కొద్ది వారాల్లోనే లక్షల దూడలు పుడతాయి, సింహాలూ హైనాలూ వాటి కోసమే కాచుకుని ఉంటాయి. మే, జూన్ నెలల్లో మందలు పడమట గ్రుమెటి నది వైపు కదిలి, జూలై నుండి ఉత్తరాన మారా నది దగ్గరకు చేరుతాయి. మొసళ్లున్న ఆ నదిని మందలు దాటే దృశ్యం కోసమే ప్రపంచం నలుమూలల నుండి జనం వస్తారు. అయితే ఏ రోజు, ఏ రేవులో దాటుతాయో ఎవరూ చెప్పలేరు. తప్పక చూపిస్తామని హామీ ఇచ్చే ఏజెంటును నమ్మకండి.

సెరెంగెటి పార్కు విస్తీర్ణం 14,763 చదరపు కిలోమీటర్లు. మధ్యనున్న సెరొనెరాలో బస పెట్టుకుని మారా నదిని చూసి వద్దామంటే రోజంతా ప్రయాణానికే సరిపోతుంది. కాబట్టి నెలను బట్టి బస ఎక్కడో నిర్ణయించుకోండి. సెరొనెరాలో సింహాలూ చిరుతపులులూ ఏడాది పొడవునా ఉంటాయి కనుక, పెద్దవారికి అలసట లేకుండా చూడాలనుకుంటే అక్కడే రెండు మూడు రాత్రులు ఉండటం మేలు. దారిలో న్‌గొరొంగొరో తప్పనిసరి. సుమారు 600 మీటర్ల లోతున, 260 చదరపు కిలోమీటర్ల మేర పరచుకున్న ఆ అగ్నిపర్వత బిలంలో నల్ల ఖడ్గమృగాలు కనబడే అవకాశం ఉంది. జిరాఫీలు మాత్రం అందులోకి దిగవు, పిల్లలకు ముందే చెప్పండి. అంచున చలి బాగా ఉంటుంది, అమ్మగారికి స్వెట్టరు మరువకండి. కిలిమంజారో విషయానికొస్తే, 5,895 మీటర్ల ఆ శిఖరాన్ని మోషీ పట్టణం నుండి తెల్లవారుజామున చూడటమే కుటుంబానికి చాలు. పొద్దెక్కితే తరచు మబ్బు కమ్మేస్తుంది.

అంతకుముందే మీరు చేయవలసిన పని ఒకటుంది. రెసిడెన్స్ పర్మిట్ చేతికి వచ్చేదాకా ఆగండి. నివాసితులకు జాతీయ పార్కుల రుసుము విదేశీ పర్యాటకుల కంటే బాగా తక్కువ. గేటు వద్ద పర్మిట్ చూపించాలి. ఈలోగా అనుభవం కోసం, దార్ నుండి మొరొగోరో దారిలో దాదాపు 280 కిలోమీటర్ల దూరంలో ఉన్న మికుమీ పార్కుకు వెళ్లిరండి. 2024లో మొదలైన విద్యుత్ రైలులో మొరొగోరో వరకు వెళ్లి అక్కడ బండి మాట్లాడుకోవచ్చు. మికుమీలో ఏనుగులు, జిరాఫీలు, అదృష్టముంటే సింహాలు కనిపిస్తాయి. పడవలో వెళుతూ నీటిగుర్రాలను చూడాలంటే రుఫీజీ నది పారే న్యెరెరే పార్కు ఉంది. వానాకాలంలో దానికీ వెళ్లవద్దు.

మరొక సభ్యురాలి జవాబు: అన్నగారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కొన్ని మాటలు చేరుస్తాను. నలుపు, ముదురు నీలం దుస్తులు సఫారీకి వద్దు, ఆ రంగులకు త్సెత్సె ఈగలు వచ్చి కుడతాయి. మలేరియా మాత్రల గురించి ఇంటివారు బయలుదేరకముందే అక్కడి డాక్టరును అడగాలి. ప్లాస్టిక్ సంచులపై 2019 నుండి ఇక్కడ నిషేధం ఉంది, పచ్చళ్లు గుడ్డ సంచుల్లో తెమ్మనండి. శాకాహారులైతే లాడ్జీకి ముందుగా తెలియజేస్తే చపాతీ, చిక్కుడు గింజల కూర, అన్నం వండి పెడతారు. జాంజిబార్‌ను సఫారీ తర్వాత పెట్టుకోండి. జీపు కుదుపుల తర్వాత పెద్దవారికి సముద్రతీరం విశ్రాంతినిస్తుంది. అక్కడి పాత పట్టణం స్టోన్ టౌన్ సందులలో భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు వేసుకుంటే స్థానికులు సంతోషిస్తారు. పశువులు కాచుకునే మసాయి తెగవారిని ఫొటో తీసే ముందు తప్పక అనుమతి అడగమని పిల్లలకు చెప్పండి.