తక్కువ ధర 4కే టీవీలో రంగుల లోటు: కొనేవాళ్లు పట్టించుకోవాలా, వద్దా?

నల్లకుంట_43:
పోయిన నెల 43 అంగుళాల 4కే టీవీ తీసుకున్నాం, 24 వేలు. డబ్బా మీద "హెచ్‌డీఆర్" (వెలుగు, నీడల తేడా ఎక్కువగా చూపించే పద్ధతి), "107 కోట్ల రంగులు" అని పెద్దక్షరాలు. మా కాలనీలో సద్దుల బతుకమ్మ రోజు ఫోన్లో తీసిన వీడియో పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి పెట్టాను. ఫోన్లో చూస్తే బంతిపూల రేకు రేకూ వేరుగా ఉంది. టీవీలో ఆ వరస మొత్తం కలిసిపోయి ఒకటే నారింజ ముద్ద. పక్కనే గునుగుపూలు మాత్రం పోచ పోచా కనిపిస్తున్నాయి, అంటే స్పష్టతకి లోటు లేదు. షాపులో అడిగితే "ఈ రేటుకి ఇదే ఎక్కువ సార్" అన్నారు. నాకైతే ఇది చిన్న విషయం అనిపించడం లేదు. మీరేమంటారు?

కేపీహెచ్‌బీ_ఆరో_ఫేజ్:
మీ బాధ అర్థమైంది కానీ, ఎక్కువమందికి ఇది పట్టింపు కాదనే నా మాట. మా నాన్నగారు పొద్దున వార్తలు పెడితే రాత్రి సీరియళ్లు అయ్యేదాకా టీవీ కట్టేయరు. డిష్‌లో వచ్చే హెచ్‌డీ ఛానెళ్ల రంగులు పాత 709 ప్రమాణంలోనే (హెచ్‌డీ టీవీ రంగులకి పెట్టిన హద్దు) ఉంటాయి, అంతవరకు ఈ టీవీలు దాదాపుగా చూపిస్తాయి. సిగ్నల్లోనే రాని రంగు కోసం ఇంకో 15 వేలు ఎందుకు పెట్టాలి? అందులో సగంతో సౌండ్‌బార్ వస్తుంది. నాన్నగారికి చెవి కాస్త మందం, ఆయనకి మాట వినపడటం ముఖ్యం.

కోఠి_ప్యానెల్_రిపేర్:
రోజూ టీవీలు విప్పేవాణ్ని కాబట్టి చెప్తున్న. 4కే అంటే 3840 అడ్డం, 2160 నిలువు, మొత్తం 83 లక్షల చుక్కలు. అవి చవక టీవీలో కూడా ఉంటయి. రంగు సంగతి వేరు. వెనక బ్యాక్‌లైట్ పట్టీల మీదుండే ఎల్‌ఈడీ అసలు నీలం వెలుగుది. దాని మీద పసుపు ఫాస్ఫర్ పూత పూసి తెల్లగా చేస్తరు. ఆ తెలుపులో గాఢమైన ఎరుపు, ఆకుపచ్చ పలచగా ఉంటయి. వెలుగులోనే లేని ఎరుపుని ముందున్న ఫిల్టర్ ఎక్కడికెల్లి తెస్తది? నల్లకుంట అన్నా, మీ బంతిపూలు ముద్ద కావడానికి కారణం ఇదే. రేకుకీ రేకుకీ మధ్య తేడా అంతా ప్యానెల్, అంటే తెర, చూపించగల రంగుల హద్దు అవతల ఉంది. అన్నీ హద్దు కాడ ఆగిపోయి ఒకటే రంగయితున్నయి.

107 కోట్లంటే 10 బిట్ లెక్క, ఒక్కో రంగుకి 1024 మెట్లు. ఈ ధరలో చాలా ప్యానెల్స్ 8 బిట్‌వే: 256 మెట్లు, అంతా కలిపి 1.67 కోట్ల రంగులు. పక్కపక్క రెండు మెట్లని గబగబా మార్చి నడిమి రంగు ఉన్నట్టు కంటికి చూపిస్తరు, ఎఫ్‌ఆర్‌సీ అంటం. అది మంచిగ చేస్తే తెల్వదు, దాని మీద నాకు కోపం లేదు. కోపమంతా "హెచ్‌డీఆర్ సపోర్ట్" అనే మాట మీదనే. ఆ సిగ్నల్‌ని టీవీ తీసుకుంటది అని మాత్రమే దానర్థం. 1000 నిట్స్ (తెర వెలుగు కొలత) వెలుగుకి తయారుచేసిన సినిమాని 250, 300 నిట్స్ ప్యానెల్ కిందికి అణచాలె, అప్పుడు బొమ్మంతా మసకబారుతది. కొనేటోళ్లకి ఈ ముచ్చట ఎవరు చెప్తున్నరు?

ముందుగాల రంగుల్ని కొట్టొచ్చేటట్టు చూపించే వివిడ్ మోడ్ తీసేసి సినిమా మోడ్ పెట్టండి, కలర్ టెంపరేచర్ వార్మ్‌లో ఉంచండి. చూసి చెప్పండి.

నల్లకుంట_43:
పెట్టాను. వీడియోలో అమ్మ ముఖం ఇన్నాళ్లూ గులాబీ రంగు కొట్టేది, ఇప్పుడు చామనఛాయ చామనఛాయలాగే ఉంది. మొదటి రోజు తెర పసుపు పట్టినట్టు అనిపించింది, రెండు రోజులకి కన్ను అలవాటు పడింది. నీడలో ఉన్న బంతిపూలకి రేకులు వచ్చాయి. ఎండ పడ్డవి ఇంకా ముద్దే.

హబ్సిగూడ_కోడింగ్:
ఇంకో కోణం. టీవీని ల్యాప్‌టాప్‌కి మానిటర్‌గా వాడేవాళ్లు జాగ్రత్త. నల్లటి తెర మీద ఎర్ర అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తే అది 4:2:0 పద్ధతి వల్ల కావచ్చు: నాలుగు చుక్కలకి కలిపి ఒకే రంగు సమాచారం. సినిమాలన్నీ ఇలాగే వస్తాయి, కంటికి తేడా తెలియదు. అక్షరాలకి తెలుస్తుంది. నా టీవీలో హెచ్‌డీఎంఐ పోర్టు పేరుని "పీసీ" అని మార్చాక సరైంది.

కేపీహెచ్‌బీ_ఆరో_ఫేజ్:
రిపేర్ అన్న చెప్పింది కాదనను, డబ్బా మీద రాత నిజంగా తప్పుదారి పట్టించేదే. కానీ 15 వేలంటే మాకు ఒక నెల ఇంటద్దె. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కదా, ఆ మిగిలింది రంగుకి పెట్టాలా సైజుకి పెట్టాలా అంటే మా ఇంట్లో అందరూ సైజుకే.

కోఠి_ప్యానెల్_రిపేర్:
మీ ఇంటికి అదే కరెక్ట్, భాయ్. చవక టీవీ కొనొద్దని నేను అంటలేను, తెలిసి కొనమంటున్న. స్పెక్స్‌లో "72 శాతం ఎన్‌టీఎస్‌సీ" (రంగుల పరిధికి ఒక పాత కొలత) అని రాసుంటే అది ఆ పాత 709 అంత పరిధే, కొత్తదేం కాదు. సినిమా రంగుల పరిధిని డీసీఐ-పీ3 అంటరు, అది 90 శాతం దాటితే ఎరుపు, నారింజ బాగొస్తయి. క్యూఎల్‌ఈడీల్లో, అంటే రంగు కోసం క్వాంటమ్ డాట్స్ అనే సన్నటి రేణువుల పొర వాడే టీవీల్లో, ఎక్కువ అట్లనే ఉంటయి. అందులో కూడా వెలుగు 300 నిట్సే అయితే రంగు వస్తది కానీ హెచ్‌డీఆర్ మెరుపు రాదు. షోరూమ్ వాళ్ల డెమో వీడియో చూసి మాత్రం కొనకండి. ఏ టీవీలోనైనా అందంగా కనపడేటట్టు దాన్ని తీసి పెడతరు.

నల్లకుంట_43:
మా చెల్లెలికి కూడా టీవీ కావాలి, 30 వేల లోపు. తను వీడియోలు తీసి చీరలు అమ్ముతుంది, మెరూన్ ఎరుపులా కనిపిస్తే చీర వెనక్కి వస్తుంది. కాబట్టి తనకి సైజు 43 చాలు, రంగే కావాలి. శనివారం కలిసి వెళ్తున్నాం. బతుకమ్మ వీడియో ఉన్న పెన్‌డ్రైవ్ తన బ్యాగులో వేశాను. ఏ షాపులో పెట్టనిస్తారో, ఏ టీవీలో రేకులు కనిపిస్తాయో ఆదివారం ఇక్కడే రాస్తాను.