తరగతి గదిలో పది ఆజ్ఞలు: బడి గోడ మీద ఏముండాలో జడ్జి చెప్పాలా, ఓట్లతో గెలిచినవాళ్ళు చెప్పాలా?

ఉత్తర డల్లాస్ నాన్న (2025 సెప్టెంబరు 13)

మావాడు నాలుగో క్లాసు. మొన్న బడి నుంచి వచ్చి బూట్లు విప్పుతూనే "నాన్నా, గ్రేవెన్ ఇమేజ్ అంటే ఏంటి?" అన్నాడు. నేను తడుముకునేలోపు వాళ్ళమ్మ "చెక్కిన బొమ్మరా" అనేసింది. వాడు ఒకసారి మా పూజ అల్మరా వైపు చూసి, ఇంకేం అడక్కుండా పాలు తాగడానికి వెళ్ళిపోయాడు.

టెక్సస్ బయట ఉన్నవాళ్ళకి సంగతి చెప్తాను. గవర్నర్ అబ్బాట్ జూన్‌లో సంతకం పెట్టిన సెనేట్ బిల్ 10 ఈ సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రతి ప్రభుత్వ బడిలో, ప్రతి క్లాస్‌రూమ్‌లో బైబిల్ పది ఆజ్ఞల పోస్టర్ ఉండాలి. కనీసం 16 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తు. గదిలో ఏ మూల కూర్చున్నా చదవగలిగేలా ఉండాలి. ఎవరైనా పోస్టర్లు విరాళంగా ఇస్తే బడి పెట్టి తీరాల్సిందే. దీని మీద కొన్ని కుటుంబాలు కేసు వేశాయి. వాళ్ళలో హిందువులు, యూదులు, క్రైస్తవులు కూడా ఉన్నారు. ఆగస్టు 20న శాన్ ఆంటోనియోలో ఫెడరల్ జడ్జి ఫ్రెడ్ బియరీ ఆ కేసులో ఉన్న 11 స్కూల్ డిస్ట్రిక్టుల్లో (ఒక్కో ప్రాంతం బడులు నడిపే సంస్థలు) పోస్టర్లు పెట్టొద్దన్నారు. ప్లేనో ఆ జాబితాలో ఉంది, మా డిస్ట్రిక్ట్ లేదు. ప్లేనోలో ఉండే మా బావమరిది కొడుకు క్లాసు గోడ మీద ఏమీ లేదు, మావాడి క్లాసు గోడ మీద ఉంది.

ఇలాంటివి కోర్టులు తేల్చడం సరైనదేనా? అందరూ చెప్పండి. తిట్లు మాత్రం వద్దు.

గోదారి గట్టు

బ్రో, నేను ఏలూరులో మిషనరీ స్కూల్లో పదేళ్ళు చదివాను. పొద్దున అసెంబ్లీలో ప్రభువు ప్రార్థన, శనివారం సాయంత్రం ఆంజనేయస్వామి గుడి. ఇవాళ్టికీ సుబ్బరంగా సంధ్యావందనం చేసుకుంటున్నా. అమ్మానాన్నల్ని గౌరవించు, దొంగతనం చెయ్యకు, అబద్ధం చెప్పకు అంటే మనకొచ్చిన నష్టమేంటి? ఇంకోటి, ఇది ఓట్లతో గెలిచిన శాసనసభ చేసిన చట్టం. జీవితాంతం పదవిలో ఉండే ఒక్క మనిషి కూర్చుని ఆపేస్తే ఇక ఎన్నికలెందుకు?

లా చదివిన అక్క

మీ ఏలూరు బడికి మీ నాన్నగారు ఎంచుకుని, ఫీజు కట్టి పంపారు తమ్ముడూ. ఇక్కడ బడికి పంపకపోతే చట్టం ఊరుకోదు, బడి నడిపేది ప్రభుత్వం. తేడా అంతా అక్కడే ఉంది. పైగా మీరు చెప్పినవి తర్వాత వచ్చే ఆజ్ఞలు. మొదటివి చదవండి: నేను తప్ప నీకు వేరే దేవుడు ఉండకూడదు, విగ్రహాలు చేసుకోకూడదు. అవి నీతి సూత్రాలు కావు, ఎవరిని కొలవాలో చెప్పేవి.

ఇది కొత్త తగవేం కాదు. కెంటకీ కూడా సరిగ్గా ఇదే పని చేసింది, అదీ 16 బై 20 అంగుళాల పోస్టరే, విరాళాల డబ్బుతోనే. 1980లో స్టోన్ వర్సెస్ గ్రాహం కేసులో సుప్రీంకోర్టు 5–4 తేడాతో దాన్ని కొట్టేసింది.

మరి టెక్సస్‌కి ఇప్పుడు ధైర్యం ఎక్కడిదంటారా? 2022లో కెనెడీ వర్సెస్ బ్రెమర్టన్ తీర్పు వచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక ఫుట్‌బాల్ కోచ్ ఆట అయ్యాక మైదానం మధ్యలో మోకరిల్లి ప్రార్థన చేసేవాడు. ఆయన 6–3తో గెలిచాడు. అప్పటిదాకా, 1971 నాటి లెమన్ తీర్పు ప్రకారం, చట్టం వెనకున్న ఉద్దేశం మతమా కాదా అని చూసేవారు. ఇక దేశ చరిత్ర, సంప్రదాయం చూడాలన్నారు. స్టోన్ తీర్పు నిలబడింది లెమన్ పునాది మీదే కాబట్టి, పునాది పోయాక ఇల్లెలా నిలుస్తుందని టెక్సస్ వాదన. ఇలాంటి లూసియానా చట్టం చెల్లదని జూన్‌లో ఐదో సర్క్యూట్ అప్పీలు కోర్టు (టెక్సస్‌కీ పై కోర్టు అదే) ముగ్గురు జడ్జీలు చెప్పారు. కానీ ఇది అక్కడితో ఆగే గొడవ కాదు.

బియరీ గారి తీర్పులో ఒక ముచ్చట ఉంది. పోస్టర్ ఊరికే గోడ మీద ఉంటుంది, ఎవరూ పాఠం చెప్పరు కదా అన్న వాదనకు ఆయన జవాబు: పిల్లలు అడుగుతారు, టీచరు చెప్పాల్సి వస్తుంది. వ్యభిచారం ఎలా చేస్తారు టీచర్ అని ఒక కుర్రాడు లేచి అడిగితే ఆవిడ గతేమిటని రాశారు. నవ్వొచ్చినా, పై పోస్టులో నాలుగో క్లాసు పిల్లాడు చేసింది అదే.

వరంగల్ పోరడు

గోదారి అన్నా, ఓట్లు ఓట్లు అంటున్నవ్ గానీ, ఈ గ్రూపుల ఓటున్నోళ్ళు ఎందరున్నరు? నేనొచ్చి తొమ్మిదేండ్లయింది, ఇంకా గ్రీన్‌కార్డు లైన్లనే ఉన్న. స్కూల్ ట్యాక్స్ మాత్రం ఏటా కట్టుడే. స్కూల్ బోర్డుల మనకు ఓటు లేదు, అసెంబ్లీల లేదు. ఓటు లేనోనికి కోర్టు కూడ వద్దంటే ఇంకేడికి పోవాలె? అక్కా, ఒక్క ముచ్చట చెప్పుండ్రి, వీసా మీదున్నోళ్ళకు అసలు ఈ హక్కులున్నయా?

లా చదివిన అక్క

ఉన్నాయి తమ్ముడూ. అమెరికా రాజ్యాంగం పద్నాలుగో సవరణలో చట్టం ముందు సమాన రక్షణ 'పౌరుడికి' అని లేదు, 'ఏ వ్యక్తికైనా' అని ఉంది. ఆ ఒక్క మాట మీద నిలబడిన కేసు మీ టెక్సస్‌దే. టైలర్ ఊళ్ళో వలస కాగితాలు లేని పిల్లల్ని బడిలో ఉంచాలంటే ఏడాదికి వెయ్యి డాలర్లు కట్టమన్నారు. 1982లో ప్లయ్లర్ వర్సెస్ డో తీర్పు 5–4తో అది కుదరదంది. కాగితాలు లేని పిల్లలకే ఆ రక్షణ ఉన్నప్పుడు హెచ్-4 (వీసా ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా) పిల్లలకు లేకుండా ఎలా పోతుంది?

మేరీల్యాండ్ మామ

కోర్టుని మరీ నెత్తిన పెట్టుకోకండి. ఇక్కడ మాంట్‌గోమరీ కౌంటీలో చిన్నపిల్లల పాఠాల్లో ఎల్జీబీటీ కథల పుస్తకాలు పెట్టారు. మొదట ఇష్టంలేని తల్లిదండ్రులు పిల్లల్ని ఆ పాఠం నుంచి తప్పించుకోవచ్చన్నారు, 2023లో ఆ వీలు తీసేశారు. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలు కోర్టుకెళ్ళాయి. ఈ జూన్ 27న మహమూద్ వర్సెస్ టేలర్‌లో సుప్రీంకోర్టు 6–3తో వాళ్ళ పక్షాన నిలిచింది. ఆరోజు మా వాట్సాప్ గ్రూపులో "ఎన్నుకున్న బోర్డు మాటకు విలువ లేదా" అని గోల పెట్టినవాళ్ళే ఇవాళ టెక్సస్ జడ్జికి దండం పెడుతున్నారు. అప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళు ఇప్పుడు ఆయన్ని తిడుతున్నారు.

ఇంకో విషయం. మనవాళ్ళు ఇల్లు కొనేముందు వాస్తు కంటే ముందు స్కూల్ రేటింగ్ చూస్తారు. బడి డబ్బులో పెద్దభాగం ఆ ఊరి ఆస్తి పన్ను కాబట్టి, ఖరీదైన ఇళ్ళున్న చోట మంచి బడి. ఇది అన్యాయమని శాన్ ఆంటోనియో పేద కుటుంబాలు కోర్టుకెక్కితే, 1973లో రోడ్రిగెజ్ కేసులో సుప్రీంకోర్టులో 5–4తో ఓడిపోయాయి. ఫెడరల్ రాజ్యాంగంలో చదువు ప్రాథమిక హక్కు కాదన్నారు. మంచి బడి కోసం ఇంటికి మనం కట్టే అదనపు లక్ష డాలర్ల వెనక ఆ తీర్పుంది. దాని మీద ఇక్కడ ఎవరూ థ్రెడ్ పెట్టరేం?

రిటైర్డ్ హెడ్మాస్టర్ (అనంతపురం, ప్రస్తుతం హ్యూస్టన్‌లో కొడుకు దగ్గర)

బాబూ, నాకు తెలిసింది ఒక్కటి చెప్తాను. 1985లో కేరళలో ముగ్గురు పిల్లలు, యెహోవా సాక్షులు, బడిలో జనగణమన పాడేటప్పుడు మర్యాదగా లేచి నిలబడేవారు గాని పాడేవారు కాదు. బడి నుంచి తీసేశారు. 1986లో మన దేశపు సుప్రీంకోర్టు తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్ళిన ఓ. చిన్నపరెడ్డి గారు. మన సంప్రదాయం సహనం నేర్పింది, దాన్ని పలచన చెయ్యొద్దని అందులో ముగించారు. అమెరికాలో జెండా వందనం చెయ్యని పిల్లల కేసులనూ అందులో చర్చించారు. నేను స్టాఫ్ రూములో ఆ వార్త పైకి చదివితే సగంమంది మాస్టర్లు నా మీద విరుచుకుపడ్డారు. సంఖ్యలో తక్కువున్న పిల్లవాడికి బడిలో ఎవరు అండగా నిలబడతారన్నదే అసలు ప్రశ్న. హెడ్మాస్టరుగా చెప్తున్నా, చాలాసార్లు మేం నిలబడం.

గోదారి గట్టు

మాస్టారూ, మీ మాటకు ఎదురు చెప్పను. కానీ ఆ జెండా కేసులే నా వాదనకి సాక్ష్యం. 1940లో గోబైటిస్ కేసులో పిల్లలు వందనం చెయ్యాల్సిందేనని ఇక్కడి సుప్రీంకోర్టే 8–1తో చెప్పింది. మూడేళ్ళకే బార్నెట్ కేసులో 6–3తో మాట మార్చింది. ఆ మూడేళ్ళలో రాజ్యాంగంలో అక్షరం మారలేదు. మరి రాజ్యాంగ హక్కు అంటే ఆరోజు బెంచి మీద ఎవరున్నారన్నదేనా? ఒప్పుకుంటాను, ఓటు లేనివాళ్ళ సంగతి నేను ఆలోచించలేదు. అయినా కోర్టు మీద పెట్టుకున్న నమ్మకం ఎటు తిరుగుతుందో తెలీదు. లాయర్ ఫీజు కంటే బోర్డు మీటింగుకి పదిమంది వెళ్ళి కూర్చోవడం చవక.

వరంగల్ పోరడు

అన్నా, ఆ మీటింగుకు పోయే పదిమందిల నువ్వుంటవా మరి? 😄

ఉత్తర డల్లాస్ నాన్న (సెప్టెంబరు 18)

అందరికీ థాంక్స్. గోదారి అన్న మాట పట్టుకుని వచ్చే బోర్డు మీటింగులో మాట్లాడటానికి పేరిచ్చాను. మా వీధిలో ఇంకో ఇద్దరు వస్తామన్నారు. అందులో ఒకాయన బాప్టిస్టు క్రైస్తవుడు. దేవుడి మాటని ఫైర్ డ్రిల్ చార్టు పక్కన అతికించడం ఆయనకి నచ్చలేదట. అక్కా, ఆ స్టోన్ కేసు సంగతి రెండు నిమిషాల్లో చదివేలా రాసిస్తారా?

22 నుంచి దసరా కదా, మా ఆవిడ అటక మీంచి బొమ్మల పెట్టె దింపింది. మావాడు కొండపల్లి ఏనుగంబారీకి దుమ్ము తుడుస్తూ, బళ్ళో పక్క సీటువాణ్ణి కొలువుకి పిలవొచ్చా అన్నాడు. ఆ పిల్లాడిది ఆదివారం తప్పకుండా చర్చికెళ్ళే కుటుంబం. వాళ్ళమ్మకి మెసేజ్ పెట్టాం. వస్తామంది, తినడానికి ఏం తెమ్మంటారని అడిగింది.